మెట్ల మీద ఆగిపోయిన వదినగారు

ఆ ఉదయం మూడో కౌంటర్లో మొదటి టికెట్ కొన్నాయనకు ఎక్కడికీ వెళ్లే పని లేదు. అన్నిటికన్నా దగ్గరి స్టాపుకి టికెట్ అడిగి, పెద్ద నోటు ఇచ్చి, చిల్లర లేదని ముందే చెప్పాడు. తర్వాత చేతులు కట్టుకుని అద్దం ముందు నవ్వుతూ నిలబడ్డాడు. తిట్టించుకోవడానికి వచ్చాడు.

లోపలున్నావిడ టికెట్టూ చిల్లరా అద్దం కింది కంతలోంచి బయటికి తోసింది.

"ఏమీ అనరేంటి వదినగారూ? నలభై కిలోమీటర్ల నుంచి వచ్చాను."

"అయితే వెనక్కి ఇంకో నలభై ఉంది. జరగండి."

ఆయన మొహం వెలిగిపోయింది. పక్కనున్న స్నేహితుడితో "చెప్పానా!" అన్నాడు. లైన్లో ఉన్న అసలు ప్రయాణికులు గొణుక్కున్నారు.

ఆవిడ బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగి. పంతొమ్మిదేళ్లుగా అదే కౌంటరు. ఆవిడ ముందున్న మైకు ఎప్పుడో పాడైంది. బాగుచేయించమని అడిగి అడిగి ఊరుకుంది. దళసరి అద్దం, వెనక ఇంజన్ల మోత. ఊరి పేరు చెప్పాలన్నా, ధర చెప్పాలన్నా అరవాలి. అరిచి చెప్పే మాట ఎలాగూ కోపంగానే వినిపిస్తుంది కనక, కొన్నాళ్లకి దానికి కాస్త ఉప్పూకారం కూడా తగిలించడం మొదలుపెట్టింది. "బస్సు మీ అత్తారిల్లు కాదు నాయనా, అలిగి కూర్చుంటే బతిమాలడానికి." "చిల్లర అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తారేంటి?" జనం నవ్వుకుంటూ టికెట్ తీసుకుని వెళ్లిపోయేవారు. ఎవరి బస్సు వాళ్లెక్కితే ఆ మాట అక్కడితో సరి.

ఒక్కడు మాత్రం ఎక్కలేదు. ఆవిడ మరిది. దగ్గర్లోనే ప్రెస్సులో పనిచేస్తాడు. రోజూ మధ్యాహ్నం వదినకి క్యారియర్ తెచ్చిచ్చి, ఆవిడ తిని ఖాళీ గిన్నెలు ఇచ్చేదాకా ఎదురుగా బెంచీ మీద కూర్చుంటాడు. ఆ బెంచీ మీదే, ఆరేళ్లలో, లావుపాటి నవల ఒకటి రాశాడు.

నవలంతా ఒక బస్సు గురించి. మొదటి పేజీలోనే బయల్దేరాలి. డ్రైవరు టీ తాగడానికి దిగుతాడు. కథ టీ వెంట పోతుంది. టీ కాచేవాడి మామగారు, ఆ మామగారు అమ్మేసిన గడియారం, అది కొన్న పళ్ల డాక్టరు, ఇలా సాగి సాగి చివరి పేజీలో డ్రైవరు వెనక్కొస్తాడు. చూస్తే తాళంచెవి ఉండదు. ఈ తిరుగుళ్ల మధ్యలో ప్రతి అధ్యాయంలోనూ మూడో కౌంటర్ వదిన ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటుంది.

పుస్తకం అమ్ముడుపోయింది. పత్రికలకి ఉత్తరాలొచ్చాయి. "నాలుగు వందల పేజీలు తిప్పి ఎక్కినచోటే దింపాడు, నా డబ్బు నాకివ్వాలి" అని ఒకాయన. "కథ ఎక్కడికీ పోదు, అయినా దిగబుద్ధి కాదు" అని ఒకావిడ. తిట్టినవాళ్లూ పొగిడినవాళ్లూ కలిసిన చోటు ఒక్కటే: వదిన పాత్ర బ్రహ్మాండం. మొదటి ఉత్తరాన్ని అసలు వదినే కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకుంది. పాఠకులు కౌంటరుకే రావడం మొదలయ్యాక పీకేసింది.

ఎండలు ముదిరేనాటికి ఆవిడ గొంతు బొంగురుపోయింది. తగ్గలేదు. డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, లోపల చిన్న చిన్న బుడిపెలు లేచాయన్నాడు. ఆరు నెలలు గొంతెత్తకూడదు. ఎత్తితే ఆపరేషను, ఆపరేషనయ్యాక మాట ఎలా ఉంటుందో తను హామీ ఇవ్వలేనన్నాడు.

బస్టాండులో అరవక్కర్లేని ఉద్యోగం ఒక్కటుంది. పై అంతస్తులో, బస్సుల్లో జనం మర్చిపోయిన సామాను దాచే గది. అక్కడి గుమాస్తా రిటైరవుతున్నాడు. ఆవిడ డాక్టరు చీటీ జతచేసి అర్జీ పెట్టుకుంది. మేనేజరు చీటీ తిప్పి కూడా చూడలేదు.

"మిమ్మల్ని మూడో కౌంటర్నుంచి తీస్తే జనం నన్ను బతకనిస్తారా అమ్మా? మా సొంత వదినగారు వచ్చేవారం మిమ్మల్ని చూడ్డానికే వస్తున్నారు."

"గొంతు పోతోంది సార్."

"ఆ బొంగురు కూడా బాగుంది. పాత్రకి అతికినట్టుంది."

ఆ రోజు భోజనాల దగ్గర ఆవిడ మరిది పళ్లెంలో అన్నం పెడుతూ అంది. "నన్ను చంపెయ్యి."

మరిది ముద్ద ఆపాడు. "ఎవర్ని?"

"నన్నే. రెండో భాగం రాస్తున్నావుగా. గుండెపోటో, జ్వరమో, ఏదో ఒకటి. శుభ్రంగా చంపేసి చేతులు కడుక్కో."

"తినేటప్పుడు ఈ చంపుకోడాలేంటి?" అన్నాడు భర్త. డిపోలో మెకానిక్కు. ఇంట్లో మాత్రం ఏ గొడవకీ రిపేరు చెయ్యడు.

"నువ్వు పోతే పుస్తకం పోతుంది వదినా," అన్నాడు మరిది. "నా బస్సు ఎలాగూ కదలదు. కదిలేది నీ నోరొక్కటే."

"ఆ నోరే పడిపోయేట్టుంది మరిదిగారూ." కోపం వస్తే మరిదికి 'గారు' తగిలిస్తుంది. "సరే, చంపొద్దు. పై గదికి పంపించు. నా అర్జీ మా మేనేజరు చదవడు. నీ పుస్తకమైతే గుడ్డిగా నమ్ముతాడు."

మరిది మంచివాడు. చిన్నప్పుడు ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాడు. ఒప్పుకున్నాడు. రెండో భాగం ఒక వారపత్రికలో సీరియల్‌గా మొదలైంది. రెండో వారంలోనే వదిన కౌంటరు తలుపు తాళం వేసి మెట్ల వైపు నడిచింది. అది చదివిన మేనేజరు ఆవిడని పిలిపించి, "ఏంటమ్మా, మమ్మల్ని వదిలేసి పైకెళ్తున్నారట!" అన్నాడు. అర్జీ బయటికి తీసి బల్ల మీద పెట్టాడు కూడా. "కథలో మీరు పైకి చేరగానే సంతకం పెడతాను. కథా మేమూ ఒకేసారి. పాఠకులకి ముచ్చటగా ఉంటుంది."

ఆవిడకి అది న్యాయంగానే తోచింది. ఎన్ని మెట్లున్నాయని? ఒక వారం, మహా అయితే రెండు.

మూడో వారం వదిన మెట్ల మలుపు దాకా వెళ్లింది. అక్కడ ఒక ముసలాయన ఊడుస్తున్నాడు. వదిన కాసేపు ఆగి ఆయన్ని తిట్టింది. ఆయన తన మేనమామ సంగతి ఎత్తుకున్నాడు. నాలుగో వారం మేనమామ. ఐదో వారం మేనమామ పెంచిన మేక. ఆరో వారం ఆ మేక తినేసిన పెళ్లి ఒప్పందం.

"నన్ను మెట్ల మీద ఎన్నాళ్లు నిలబెడతారు మరిదిగారూ?" మాట సగం గాలిలాగే వచ్చింది.

"మేక మధ్యలో ఉంది వదినా. దాన్ని వదిలేసి ఎలా రమ్మంటావు?"

"మేకకేం, నువ్వు రాసినా రాయకపోయినా గడ్డి తింటుంది. నేను ఇక్కడ గడ్డి కరుస్తున్నాను."

"వచ్చేవారం రెండు మెట్లు ఎక్కిస్తాను. ఒట్టు."

ఎక్కించేవాడేమో కూడా. ఈలోపు ఉత్తరాలొచ్చాయి. "మెట్ల మలుపు మొత్తం రెండు భాగాల్లోకీ గొప్ప ఘట్టం." "వదినా ఊడ్చే తాతా ఒకచోట చేరడం మా అదృష్టం, దయచేసి తొందరపడి విడదీయకండి." కథ సాగదీస్తున్నాడని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు కూడా మేక సంగతి తేలాకే కదలమన్నారు. వారపత్రిక సంపాదకుడు మరిదికి ఫోన్ చేసి వదినని మలుపు దాటనివ్వొద్దని చెప్పాడు. మేనేజరు ఆ ఉత్తరాలు కౌంటరు దగ్గరికి తెచ్చి అద్దంలోంచి చూపించాడు. "చూశారా? ఇందరు ఆపుతుంటే నేనెలా పంపను?"

ఆవిడ మర్నాటి నుంచి క్యారియర్ తనే తెచ్చుకుంది. మధ్యాహ్నం బెంచీ ఖాళీ. రాసుకోడానికి తన మాటలు దొరక్కపోతే కథ దానంతటదే కదులుతుందని ఆవిడ లెక్క. మరిదికి ఆరేళ్ల సరుకు నిల్వ ఉందన్న సంగతి ఆవిడ మర్చిపోయింది. ఏడో వారం కూడా వదిన మలుపులోనే నిలబడి గలగలా మాట్లాడింది.

ఆ సంచిక వచ్చిన సోమవారం పొద్దున కౌంటరు తెరిచి మొదటి ప్రయాణికుడికి ధర చెప్పబోతే గొంతులోంచి ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. రాలేదు. కాగితం మీద రాసి అద్దానికి ఆనించింది. కళ్లజోడు తేనివాళ్లు చదవలేకపోయారు. లైను గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. రెండు బస్సులు ఖాళీగా కదిలాయి, మిగతా డ్రైవర్లు మేనేజరు గది ముందు నిలబడి అరిచారు. మధ్యాహ్నానికల్లా మేనేజరు అర్జీ మీద సంతకం పెట్టాడు. నవలలో వదిన ఎక్కడుందో అడగలేదు.

పై గదికి కిటికీ ఒక్కటే, అదీ గోడ వైపు. చుట్టూ అల్మరాలు. సంచులు, హెల్మెట్లు, ఒంటి చెప్పులు. ఆవిడ కుర్చీ దులుపుకుని కూర్చుంది. రెండు రోజులు ఎవరూ రాలేదు. భర్త ఫ్లాస్కులో వేడినీళ్లు ఇచ్చి పంపుతున్నాడు. డాక్టరు మాట్లాడొద్దన్నాడు కనక ఇంట్లోనూ సైగలే. మరిది మాత్రం ఆవిడ ఎదురుపడితే తల వంచుకుంటున్నాడు.

మూడోరోజు తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. నలభై కిలోమీటర్ల పాఠకుడే. ఆయాసపడుతున్నాడు.

"ఇదేంటి వదినగారూ! మీరింకా మెట్ల మీద కదా ఉండాలి? నేను అక్కడంతా వెతికాను."

ఆవిడ పెదవుల మీద వేలు పెట్టుకుని, ఏం పోయిందన్నట్టు చెయ్యి తిప్పింది.

ఆయన గది చుట్టూ చూశాడు. "గొడుగు," అన్నాడు. "గొడుగు పోయింది."

ఆవిడ లేచి అల్మరా తెరిచింది. ఆయన లోపలికి చూడలేదు. ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు. "ఒక్క మాట," అన్నాడు బతిమాలుతూ. "చిన్నదైనా ఫరవాలేదు."

ఆవిడ అల్మరా మూసింది.

ఆయన వారపత్రికకి ఉత్తరం రాశాడు. అసలు మనిషి నవలలో ఉన్నంత బాగా లేదన్నాడు. అయినా చూడదలచినవాళ్లకి పనికొస్తుందని గది ఎక్కడుందో కూడా రాశాడు.

ఆ నెలలో గొడుగు పోయిందంటూ పై గదికి వచ్చినవాళ్లు ముప్పై ఒక్కరు. అల్మరాలో ఉన్న గొడుగులు నాలుగు. నెలాఖరుకీ నాలుగే.