నేను దిద్దిన మాట

కొత్త సీజను గుడి యాత్రలకు మేం సిద్ధమవుతున్న ఆదివారం ఉదయం, మేస్త్రి చాచా పోయారని ఫోన్ వచ్చింది. జనగామలో ఒక మిత్రుడి వరండాలో ఎనిమిదిమందిమి కూర్చుని, ఎవరు ఏ మండపం దగ్గర ఏం చెప్పాలో పంచుకుంటున్నాం. చాచాతో ఎక్కువ కాలం తిరిగింది నువ్వే, నాలుగు మాటలు చెప్పమన్నారు అందరూ. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మేం జీతం లేని గైడ్లం. వానలు తగ్గాక శివరాత్రి దాకా, సెలవు రోజుల్లో జనాన్ని వెంటబెట్టుకుని భూపాలపల్లి వైపు గణపురం కోటగుళ్లు, చుట్టుపక్కల పాత కట్టడాలు చూపిస్తాం. మాలో ఎక్కువమంది నాలాంటి బడిపంతుళ్లే, పుస్తకాలు చదివి నేర్చుకున్నవాళ్లు. చాచా కట్టుబడి పని చేసే సుతారి మేస్త్రి. కూలిన గుళ్లను తిరిగి నిలబెట్టే పనిలో కూలీగా చేరి, రాళ్లకు నంబర్లు వేసి విప్పి, మళ్లీ అదే వరసలో పేర్చినవారు. పుట్టింది మహబూబాబాద్ పక్కన, స్థిరపడింది జనగామలో. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. అయినా నన్ను ‘సారూ’ అనే పిలిచేవారు.

ఆయన జేబులో దారానికి కట్టిన ఇత్తడి గుండు ఒకటి ఉండేది. స్తంభం పక్కన దాన్ని వేలాడదీసి, ఊగడం ఆగేదాకా ఊరుకునేవారు. ఆగాక, “సూడున్రి, దారం ఎంత సక్కగుందో రాయి గంతే సక్కగుంది. రాయి అబద్ధమాడదు, పనోడే ఆడ్తడు” అనేవారు. పునాదిలో ఇసుక ఎందుకు పోశారని ఎవరైనా అడిగితే, “బాలింతను నులక మంచంల పండబెట్టినట్టు గుడిని ఇసుకల పండబెట్టిన్రు. భూమి కదిలినా ఒళ్లు నొయ్యదు” అని చెప్పేవారు. ముసలమ్మలు కూడా తలలూపేవారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఏడాది, హైదరాబాద్ నుంచి ఒక పెద్ద బృందం వస్తోందని తెలిసింది. నేను కంగారుపడ్డాను. సన్నాహాల్లో ఆయన బాలింత మాట ఎత్తగానే ఆపాను.

“చాచా, వచ్చేది సదువుకున్నోళ్లు. జర పుస్తకంల లెక్క చెప్పాలె.”

“ఎట్ల చెప్పాల్నో నువ్వే రాసియ్యి సారూ.”

రాసిచ్చాను. ‘ఇసుక పునాది భూప్రకంపనలను శోషించుకుంటుంది’ అని. ఆయనకు తెలుగు చదవడం రాదు. కూతురు చదివి వినిపిస్తుంటే వారం రోజులు బట్టీపట్టారట.

ఆ రోజు కోటగుళ్ల దగ్గర ‘శోషించు’ దగ్గర ఆయన నాలుక మడతపడింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే ఆగారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ముందుకు వచ్చి వాక్యం పూర్తిచేశాను. అక్కడి నుంచి చివరిదాకా నేనే చెప్పాను. చాచా నీళ్ల డబ్బా ఎత్తుకుని అందరి వెనక నడిచారు.

సాయంత్రం జనగామ చేరి, అందరం నేరుగా దీక్షా శిబిరానికి వెళ్లాం. మైకు నా చేతికిచ్చారు. “మన మాటను సినిమాల్ల రౌడీలకు, పనోళ్లకు పెట్టి నవ్విచ్చిన్రు. మన నోటిమాట మనకు గావాలె” అన్నాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో చాప మీద కూర్చున్న చాచాను అప్పుడు చూశాను. ఆయన కూడా చప్పట్లు కొడుతున్నారు.

దిగివచ్చాక చాయ్ తెచ్చిచ్చారు. “మంచిగ చెప్పినవ్ సారూ” అన్నారు. ఆ ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. ఉండి ఉంటే ఈ బరువు కొంత తగ్గేదేమో.

తర్వాత కూడా ఆయన రావడం మానలేదు. మెట్ల దగ్గర పెద్దవాళ్లకు చెయ్యి అందించేవారు, నీళ్లు పోసేవారు. గుడి గురించి మాత్రం మాట్లాడలేదు. రాష్ట్రం వచ్చాక వాళ్ల ఇంటికి వెళ్లి, “ఈసారి మీ తీరుగనే చెప్పుండ్రి చాచా” అని అడిగాను.

“ఇగ యాదికి లెవ్వు సారూ. నువ్వు చెప్పు, నేనింట.”

తప్పు నాదేనని ఆ గుమ్మంలోనే చెప్పాల్సింది. పర్వాలేదంటూ తిరిగి వచ్చాను. తర్వాత ప్రతి ఏడూ, ఈ ఏడు చెబుదామనే అనుకున్నాను.

ఖననానికి వెళ్లినప్పుడు ఆయన కూతురు, “మా అబ్బా మిమ్మల్ని ఎన్నడు తల్సుకున్నా ‘మా సారు’ అనేటోడు” అంది. తలెత్తలేకపోయాను.

యాదికి లేవన్నది నిజం కాదని నాకు తెలుసు. రెండేళ్ల కిందట, మా బృందం ముందువైపు ఉండగా నేను గుడి వెనక్కి వెళ్లాను. చాచా గోడకు అరచెయ్యి ఆనించి, మేకలు కాసే ఒకామెకు ఏదో చెబుతున్నారు. గొంతులో పాత ఊపు. “గీ రాయిని ఎక్కిచ్చేటప్పుడు ఏనుగు గూడ ఎట్ల జేసిందంటే అవ్వా...”

నన్ను చూసి ఆగిపోయారు. గోడ మీది చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు. ఆమె మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి, మిగతా మాట కోసం ఆయన నోటివైపే చూస్తూ నిలబడింది.