డయాటం పక్కన దుంగ

అది 1974 ఆగస్టు తొమ్మిది, శుక్రవారం. పొద్దుటినుంచీ ముసురు. ఉప్పుగూడలోని మా బడి వరండాలో, కుంచెలను చొక్కాలో దాచుకొని, తాను మాత్రం నిలువునా తడిసి నిలుచున్నాడు ఎల్లప్ప. చార్మినార్ దగ్గర సినిమా బ్యానర్లు వేసేవాడు. వానాకాలంలో ఆ పని ఉండదు. సైన్సు ప్రదర్శనకు చార్టు బాగా వేస్తే డ్రాయింగు మాస్టరుగా పెట్టుకుంటానని హెడ్మాస్టరు వైకుంఠంగారు అతనికి మాట ఇచ్చారు.

చార్టులో పోల్చవలసిన ప్రాణులు రెండు: కంటికి కనిపించని మంచినీటి నాచుకణం డయాటం, అంతరించిపోతున్న సముద్రపు ఆవు. (‘సముద్ర ఆవు’ అన్న పిల్లలను, సంస్కృతానికి తెలుగు అతికిన వైరిసమాసమని మందలించేవాణ్ణి. సైన్సు మాస్టరుకు వ్యాకరణమెందుకని వాళ్ల గొణుగుడు. అది వేరే కథ.)

“ఇందుల హీరో ఎవరు సార్?” అన్నాడు ఎల్లప్ప. “ హీరోను పెద్దగ ఏస్తం, జోకర్ను మూలకు ఏస్తం.”

“ఇద్దరూ హీరోలే ఎల్లప్పా. డయాటం తన చుట్టూ తానే కట్టుకున్న గాజుపెట్టెలో ఉంటూ, ఎండతో తన అన్నం తానే వండుకుంటుంది. రెండోది సముద్రం అడుగున గడ్డి మేస్తుంది.”

“గాజుపెట్టెల కాపురమా! మస్తు షోకు సార్.”

నీళ్లతొట్టి నాచు గీకి, గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో చూపించాను. అతడు కన్ను తీయకుండానే కుంచెతో బొమ్మ గీసుకున్నాడు.

సోమవారం చార్టు గోడకెక్కింది. ఒక సగంలో సముద్రపు ఆవు, దాని పక్కన కొలతకు ఒక మనిషి. రెండో సగంలో పడవలాంటి డయాటం. దాని పక్కన, దానికంటె లావుగా, నల్లని దుంగ!

“ఏందయ్యా ఇది? కట్టెల అడితి పెట్టినవా?” అన్నారు వైకుంఠంగారు.

“కనపడ్డది ఏసిన సార్.” ఎల్లప్ప కుంచెలు చేతిలోకి సర్దుకున్నాడు. కొలువు చేజారుతున్నదని అతనికి తెలిసిపోయింది.

దాచి ఉంచిన గాజుపలకను మళ్లీ సూక్ష్మదర్శినిలో చూశాను. నవ్వాగలేదు. దుంగ కాదు, ఎల్లప్ప కుంచెనుంచి రాలిన వెంట్రుక!

“తుడిపెయ్యి,” అన్నారు హెడ్మాస్టరు.

“వద్దండీ,” అన్నాను. “డయాటం ఎంత చిన్నదో నేనెన్ని పాఠాలు చెప్పినా పిల్లలకు అందలేదు. ఆవు పక్కన మనిషిలాగ, దీని పక్కన ఈ వెంట్రుక చూస్తే అందుతుంది.”

ఆయన ఎల్లప్ప కుంచెనుంచి ఒక వెంట్రుక పీకి వెలుతురుకు పట్టి చూశారు. తరువాత దుంగను చూశారు. “సరే, రేపటినుంచి రా. ఆ కుంచెలు మాత్రం సూక్ష్మదర్శిని దగ్గరికి తేకు.”

పన్నెండేళ్లకు, నేను ఉద్యోగ విరమణ చేశాక, రామేశ్వరం నుంచి జాబు వచ్చింది:

“సార్కు ఎల్లప్ప నమస్తే. పోరగాండ్లను తోల్కొని టూరుకొచ్చిన. పడవల పోతుంటే మన సముద్రపు ఆవు గాలికోసం పైకొచ్చింది. పక్కన పిల్ల గూడ ఉన్నది సార్! మునిగేటప్పుడు తోక చూసిన. నేను చేప లెక్క నిలువుగ ఏసిన, అది అడ్డంగ ఉంటది. రాంగనే చార్టు దించి దిద్దుత. దుంగను మాత్రం ముట్ట.”