టిక్కు టిక్కు ఖాసిం మామ

మొన్న ములకలపల్లి అడవి దారిలో కారు ఎడమకు తిప్పబోతూ ఇండికేటర్ వేశాను. టిక్కు టిక్కుమన్న ఆ చప్పుడుకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇక వినండి, ధర్మం కోసం సర్వస్వం ఒడ్డిన ఒక మహావీరుడి గాథ. అంటే, అంత లేదు. ఒక పాత జీపు, దాని ఓనరు ఖాసిం మామ, ఒక ఇండికేటర్.

టేకులపల్లిలో మామ మా పక్కింటాయన. కిరాయి బండి నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలని అప్పటి నిబంధన. మామ చదువు ఐదులో ఆగింది. అందుకని సొంత జీపులో ఎడమ సీట్లో కూర్చుని, డ్రైవర్లను పెట్టుకునేవాడు. ముగ్గురు వచ్చారు. ముగ్గురి దగ్గరా లైసెన్సులున్నాయి, రూల్సు మాత్రం మామ దగ్గరున్నాయి. మలుపు మలుపుకూ ఆయన చెప్పే పాఠం భరించలేక ముగ్గురూ పోయారు. జీపు ఆగింది, వెనక సీటు కింద కోడి పొదిగింది. ఎనిమిది పాసై ఖాళీగా ఉన్నవాణ్ని నేనొక్కణ్నే దొరికాను. నాకూ లైసెన్సు రాకపోతే జీపు అమ్మేస్తానన్నాడు.

నేర్చుకునే రోజుల్లో ఒకసారి అడవిలో ఊరికే మలుపు తిప్పేశాను.

“సిగ్నల్ ఏదిరా?”

“ఎవరికి మామా? మనిషి లేడు, మేక లేదు.”

“నువ్వు చూసేది ముంగట. సిగ్నల్ వెనకోనికి.”

వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే ఎవరూ లేరు. అయినా వెనక్కి పోయి మలుపు మళ్లీ తిప్పమన్నాడు.

ఖమ్మంలో పరీక్ష. ఎనిమిది అంకెలా బండి తిప్పమంటే, వంపు వంపుకూ ఇండికేటర్ వేశాను. తెల్లగీత కనిపిస్తే ఆగాను.

“ఎవరి కోసం ఆగినవ్?” అన్నాడు పక్కనున్న ఇన్‌స్పెక్టర్.

“రోడ్డు దాటేటోళ్ల కోసం సార్.”

“గ్రౌండ్ల ఎవరు దాటుతరయ్యా? ముందు ఆ టిక్కు టిక్కు ఆపు. పాసైనవ్, పో.”

కంచె బయట మామ కళ్లు తుడుచుకుంటున్నాడు. మిర్చి యార్డు దగ్గరే, ఘాటు వల్ల కూడా కావచ్చు.

కార్డు చేతికొచ్చిన రోజు ఆ సంబరంలో ఇండికేటర్ లేకుండానే మలుపు తిప్పాను. మామ ఆపమని దిగిపోయాడు.

“ఏంది మామా, యాడికి?”

“బస్సుకు పోత. లైసెన్సొచ్చింది గదా, ఇగ నువ్వు గూడ ఆ ముగ్గురు డ్రైవర్లల్ల కలిసినవ్.”

ఆయన నడుస్తుంటే వెనకాలే ఇండికేటర్ వేసుకుని, నత్తలా నడిపాను. అర కిలోమీటరు పోయాక ఎక్కాడు. క్షమించి కాదు, బస్సు రాలేదని.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ మా ఇంటి గేట్లోకి తిరిగినా ఇండికేటర్ వేస్తాను. గోడమీది పిల్లి తప్ప చూసేవాళ్లుండరు. మొన్న ఆ చప్పుడు ఎప్పటికన్నా గబగబా వినిపించింది, అచ్చం మామ తొందరపెట్టినట్టు. ఏదో చెబుతున్నాడనిపించి, కారు పక్కకు ఆపి చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత మెకానిక్‌ని అడిగాను. అంత గబగబా కొట్టుకుంటుంటే వెనక ఎడమ ఇండికేటర్ బల్బు పోయినట్టట.