మోరీలోంచి దాటిన గొట్టం

1984 ఏప్రిల్‌లో నన్ను అసిస్టెంట్ ఇంజనీరుగా వరంగల్‌కు బదిలీ చేశారు. ఒక పాత బస్తీలో నిజాం కాలపు పోత ఇనుప నీటి గొట్టాలకు లోపల సిమెంటు పూత వేయించడం నా పని. రోడ్డంతా తవ్వనక్కర్లేదు. రెండు గుంతల మధ్య ఉక్కుతాడుతో గీకే పరికరాన్ని లాగి తుప్పు గడ్డలను రాల్చాలి. తర్వాత గిర్రున తిరిగే యంత్రంతో సిమెంటు ముద్దను లోపలి గోడకు చిమ్మాలి. అప్పటికి మా వైపు ఎవరూ చేయని పని. నాకు గర్వంగానే ఉండేది.

పూత గట్టిపడేదాకా ఇళ్లకు నీళ్లు రోడ్డు పక్కన వేసిన తాత్కాలిక లైనులో వెళ్లాలి. ఒక సందు దగ్గర ఆ సన్నటి గొట్టం మోరీలోంచి, అంటే మురుగు కాలువలోంచి, దాటింది. ఫిట్టర్ యాకూబ్ అది చూసి, అతుకును మోరీ పైకి లేపిద్దామన్నాడు.

"నీళ్లు బంద్ జేసినప్పుడల్లా గొట్టం లోపలికి గుంజుతది సార్. అతుకు జర వదులైనా మోరీ నీళ్లే పోతయ్."

అది నాకూ తెలుసు. మేం నీళ్లు వదిలేది రోజుకు గంటసేపే; మిగతా సమయమంతా బందే. కానీ సోమవారం పై అధికారి తనిఖీ ఉంది, ఆలోగా పని ఆపడం నాకు ఇష్టం లేదు. అది అయ్యాక చూద్దామన్నాను.

శుక్రవారం పొద్దున ఆ సందులో ఉండే మల్లమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొని పని దగ్గరికి వచ్చింది. ఆమె భర్త రాములు ధాన్యం మార్కెట్లో హమాలీ. నీళ్లు మోరీ వాసన వస్తున్నాయని, తాగొచ్చా అని అడిగింది. క్లోరిన్ పరీక్ష పెట్టె జీపులోనే ఉంది. రెండు చుక్కలు వేస్తే తేలిపోయేది. వేయలేదు. అది తుప్పు వాసనని, రెండు రోజుల్లో పోతుందని చెప్పాను.

"మీరు తాగుమంటే తాగుతం సారూ," అని వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం యాకూబ్ సైకిల్ మీద మా ఇంటికి వచ్చాడు. ఆ సందులో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. దవాఖానకు తీసుకుపోతుంటే రాములు రిక్షాలోనే చనిపోయాడు. వెంటనే లైను మూయించి ట్యాంకర్లు పంపించాను. అతుకు విప్పితే లోపల నల్లటి బురద. అప్పుడు చేసిన పరీక్షలో నీళ్లకు పసుపు రంగు రాలేదు. అంటే క్లోరిన్ ఏమాత్రం మిగల్లేదు.

విచారణ జరిగింది. "రాతపూర్వకంగా ఫిర్యాదు ఏదీ అందలేదు" అని నివేదికలో రాశారు. కింద నా సంతకం కూడా ఉంది. మల్లమ్మకు రాయడం రాదు. అతుకు సరిగా బిగించలేదని యాకూబ్‌కు మెమో ఇచ్చారు. ఆ తర్వాత అతను పని మాట తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు.

సిమెంటు పూత బాగానే కుదిరింది. చివరి ఇళ్లకూ నీళ్లు ఎక్కాయి. నాకు మెచ్చుకోలు లేఖ వచ్చింది.

మిగిలిన సర్వీసంతా, తాత్కాలిక లైనును చివరి కుళాయి దాకా పరీక్షించాకే అసలు గొట్టాన్ని మూయించాను. నోటితో చెప్పిన ఫిర్యాదును చెప్పినవాళ్ల ఎదుటే రిజిస్టరులో రాశాను. ఈ రెండూ నేను ఉద్యోగంలో చేరకముందు నుంచే నియమావళిలో ఉన్నాయి.