మూర్ అంటే మోరీ కాదు

యాకుత్‌పురాలో నేను ఇంగ్లిష్ చెప్పే ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి ఆ ఏడు ఒక నవల పెట్టారు. ఏం చూసి పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లండు కథ, ఒక్కో వాక్యం అర పేజీ. బయట ఆటోల హారన్లు, లోపల నా అరుపులు. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పేసరికి గంట కొట్టేసేవాళ్లు. నాకు ఆ పుస్తకమంటేనే ఒళ్లుమంట.

నా ఒళ్లుమంట సంగతి సరే, ఆ తరగతిలో నా అసలు దిగులు మూడో బెంచీ పిల్ల. ఆ వానాకాలంలో గల్లీ నిండా నీళ్లు నిలిచిన రోజు ఆమె చెల్లెలు మురుగు కాలువలో పడి కొట్టుకుపోయింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ట్యూషన్ నుంచి వస్తున్నారట. అప్పటినుంచి ఈ పిల్ల నోరు విప్పలేదు. గాజుల దుకాణంలో పనిచేసే వాళ్లమ్మ ఒకరోజు బడికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్ల గూడ మాట్లాడ్తలేదు టీచరమ్మా. మీ క్లాసంటే దానికి మస్తు ఇష్టముండె. ఎట్లనన్న జేసి ఒక్క మాట మాట్లాడిపియ్యుండ్రి."

"నేను చూసుకుంట, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను. ఏం చూసుకుంటానని అన్నానో!

దగ్గరికి పిలిచాను, పద్యం అప్పజెప్పమన్నాను, బతిమాలాను, ఒకసారి కోప్పడ్డాను కూడా. పెదవి కదిపేది కాదు. చూపు మాత్రం పుస్తకం మీదే ఉండేది.

ఆ నవలలో ఒక పనిపిల్ల ఉంది. చెయ్యని దొంగతనం అంటగట్టి పెద్దింటివాళ్లు ఆమెను గెంటేస్తారు. హోరున వాన. ఎటు పోవాలో తోచక ఆమె మూర్ మీదికి నడుస్తుంది. ఆ మాట దగ్గర ఆగి, మూర్ అంటే ఏమిటో ఎవరైనా చెప్పగలరా అని అడిగాను.

"మోరీ, టీచర్!" అని తరగతి మొత్తం అరిచింది.

పాతబస్తీలో మురుగు కాలువను మోరీ అంటాం. పాపం, వాళ్ల తప్పేముంది? నాకు నవ్వు ఆగలేదు.

"మన మోరీలు ఇంగ్లండ్ దాక పోయినయారా?" అన్నాను.

పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. ఒకడు ముక్కు మూసుకుని కంపులో నడుస్తున్నట్టు చేసి చూపించాడు. ఆ లొల్లిలో మూడో బెంచీ వైపు చూశాను. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ పిల్ల లేచి నిలబడి ఉంది.

"కాదు, కాదు, మూర్ అంటే మోరీ కాదు" అంటూ గబగబా బోర్డు మీద గీశాను. "గుట్టలుంటయి, గడ్డుంటది. మస్తు పెద్ద జాగ. ఆడ ఎవ్వరు పడరు."

తరగతి సద్దుమణిగింది. ఆ పిల్ల బోర్డు వైపు చూడనే లేదు, తన ముందున్న పేజీనే చూస్తోంది. అన్నాళ్ల తర్వాత ఆమె గొంతు విన్నాను. బొంగురుపోయి ఉంది.

"టీచర్, ఆమెను ఆగమనుండ్రి. నీళ్ల కింద మోరీకి మూత లేదు. ఆమెకు కనవడది."

"చెప్త బిడ్డా" అన్నాను. ఇంకేమనను?