నాన్‌స్టాప్ బస్సు ఆగిన చోటు

ముందే ఒప్పేసుకుంటాను. నేను అతిశయోక్తుల మనిషిని. మా ఇంటి మెట్టు మీద కాలు జారితే, ఆ కబురు వీధి చివరికి చేరేసరికి నేను శేషాచలం కొండ మీంచి దొర్లి ఉంటాను. నేనేం చెప్పినా మా ఆవిడ నాలుగో వంతుకు తగ్గించుకుని వింటుంది, అందుకే మా కాపురం నిలబడింది. మీరూ అలాగే చదవండి. పచ్చి అబద్ధమేదో చివర్లో నేనే చెబుతాను. వెతుక్కునే శ్రమ మీకొద్దు.

ఈ ప్రయాణం ఒక ఫోనుతో మొదలైంది. చిత్తూరులో సుగుణమ్మ అనే ఆవిడ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక ఫోన్ లైను నడుపుతోంది. గల్ఫుకు ఇంటిపనికి పోయి, కాగితాలు చెల్లక, వెనక్కి పంపేదాకా అక్కడి నిర్బంధ కేంద్రాల్లో ఉండిపోయిన మనవాళ్ళు లోపలినుంచి ఆ నంబరుకు చేస్తారు. ఆ నలుగురూ ఒకప్పుడు లోపల ఉండి వచ్చినవాళ్ళే.

"దోశ మీద నాలుగు పేజీలు రాసిన సార్ మీరే గదా?" అని అడిగిందావిడ.

"నేనేనమ్మా."

"అయితే మీరు రావల్ల సార్. మా కాడ మాటలు అయిపోయినాయి."

దోశ రాసినందుకు నన్ను పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. మర్నాడే బయల్దేరాను.

తిరుపతి బస్టాండులో ఉదయం ఆరున్నర. ఇడ్లీలు తిన్నాను, ఒక్కొక్కటీ తిరగలి రాయంత. ఏడింటికి చిత్తూరు నాన్‌స్టాప్. టికెట్టు కిందే కౌంటర్లో కొట్టేశారు, వంద దాటి చిల్లర. లోపల కండక్టరుండడు. డ్రైవరు మీసం మాత్రం ఇటు కొస ఒక అద్దానికీ అటు కొస ఇంకో అద్దానికీ తగులుతోంది.

చంద్రగిరి దగ్గర మంచు కోటను మింగేసి, ఇంకా ఆకలి తీరక కొండల్ని నంజుకుంటోంది. ఆ తెలుపులో బస్సు నేలమీద పోతున్నట్టే లేదు. కిటికీ అవతల మామిడితోటలు వరసలు వరసలుగా తేలివచ్చి, మమ్మల్ని పలకరించి, తేలిపోతున్నాయి. నా పక్కన మూటతో ఒక పెద్దాయన. పొరపాటున ఎక్కాడట.

"పాకాల తిరుగుడు కాడ ఆపప్పా," అని అరిచాడు.

"నాన్‌స్టాపు నాయనా. దేవుడు సెయ్యెత్తినా ఆపను," అన్నాడు డ్రైవరు, మీసం కూడా కదపకుండా.

"దేవుడు యాడికి పోయినా కొండ మీదికే పోతాడు, ఆయనకేం. నేను మా కూతురింటికి పోవల్ల," అని గొణుక్కుంటూ పెద్దాయన మూట మీద తల వాల్చాడు. నేనూ కళ్ళు మూశాను. మళ్ళీ తెరిచేసరికి కాణిపాకం తిరుగుడు. మధ్యలో లోకం ఉందో లేదో నాకు తెలియదు.

తొమ్మిది లోపే చిత్తూరు. పాత బస్టాండు దగ్గర, టైలరు అంగడి మీద మేడగది. కింద కుట్టుమిషన్ల చప్పుడు, పైన బల్ల మీద రెండు ఫోన్లు. సుగుణమ్మ యాభై దాటిన మనిషి. టీ ఇచ్చి విషయం చెప్పింది.

లోపల ఒకామె ఉంది. పాస్‌పోర్టులో లక్ష్మీదేవి అని ఉంది. అందులో ఉన్న ఊరికి మనుషులు పోయి విచారిస్తే, అలాంటామె మాకు తెలియనే తెలియదన్నారు. ఏజెంటు ఎవరి కాగితాలో ఈమెకు అంటగట్టాడు. అసలు ఊరేదో తెలిస్తే తప్ప ఇంటికి పంపే కాగితం పుట్టదు. ఆమె నోరు విప్పదు. తిండి కూడా తగ్గించేసింది. పక్క పడక మీదుండే రాయచోటి హసీనా రోజూ నంబరు కొట్టి, ఫోను ఆమె చెవి దగ్గర పెడుతుంది. అవతలినుంచి ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది.

"మరి మన పక్కామె అని ఎలా తెలిసింది?"

"నిద్దర్లో పలవరిస్తాదంట సార్. 'ఆపప్పా, ఈడే దిగాల' అని. ఆ యాస మాదే. రోజూ అదే బస్సు, అదే మాట."

అందుకే వీళ్ళు ఆమెకు 'దారి చెబుతారు'. అది ఈ గది పద్ధతి. లోపలివాళ్ళు కుంగిపోయి మాట్లాడలేనప్పుడు ఏడవొద్దనరు, ధైర్యం చెప్పరు. ఇంటికి వచ్చే దారిని ఊరూరా చెబుతూ పోతారు. ఈమెకు ఒక్కొక్కరూ ఒక్కో రోడ్డు చెప్పి చూశారు. పల్లెవెలుగు బస్సులో, ప్రతి స్టాపులో ఆపి, దిగుతుందేమోనని ఎదురుచూసి, మళ్ళీ కదిలారు. ఆమె దిగలేదు.

"మీరు కొత్తగా చెప్పండి సార్. కొంచెం నవ్వొచ్చేటట్టు."

పదకొండు గంటలకు ఫోను మోగింది. "సుగుణక్కా, దాని సెవికాడ పెట్నాను," అంది హసీనా. గదిలో అందరికీ వినబడేలా స్పీకరు పెట్టారు. సముద్రానికి అవతలినుంచి ఒక ఊపిరి వచ్చి టైలరు అంగడి మీద వాలింది. నా జన్మలో అంత పెద్ద సభలో మాట్లాడలేదు.

"అమ్మా, నేను తిరుపతిలో బస్సెక్కాను. నువ్వు కిటికీ పక్కన కూర్చో," అని మొదలుపెట్టాను. ఇడ్లీలు చెప్పాను. మీసం చెప్పాను. కోటను మింగిన మంచు చెప్పాను. ఊపిరి అలాగే ఉంది. నాకు తెలిసింది నాన్‌స్టాప్ ఒక్కటే, కాబట్టి నా బస్సు ఎక్కడా ఆగలేదు. "పెద్దాయన అరిచాడు, ఆపలేదు. పాకాల తిరుగుడు పోయింది. ఎవరో చెయ్యెత్తారు, ఆపలేదు. డ్రైవరు మీసం గాలికి రెక్కలా లేచింది. అదిగో పూతలపట్టు కూడా వచ్చేస్తోంది..."

"ఆపప్పా!"

కింద కుట్టుమిషన్లు కూడా ఆగినట్టనిపించింది.

"దాటించేస్తివే! మా ఊరు ఎనకబడిపాయ. ఆపు! ఈడే దిగాల!"

సుగుణమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ గాజుల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, మా ఆవిడకు చూపించలేదు.

"ఆపేశాను తల్లీ," అన్నాను. "వెనక్కి కూడా తీసుకొస్తున్నాను. ఏ ఊరు?"

మళ్ళీ ఊపిరి. తర్వాత చిన్నగా, "సెప్తే జైల్లో ఏస్తారంట గదా?"

సుగుణమ్మ ముందుకు వంగింది. "ఎవురు సెప్పినారు? ఆ ఏజెంటేనా? నేనూ ఇంకొకరి పేరుతోనే పోయినదాన్నేనమ్మా. ఈడ కూర్చోని టీ తాగతా ఉండా, సూడు. వకీలును పెట్టి మాట్లాడతాం. నువ్వు దిగు."

"రెడ్డెమ్మ. దిగువ మాకులపల్లె," అంది ఆమె. ఒకసారి చెప్పాక ఆగలేదు. "మా అక్క మునెమ్మకు సెప్పండి, బతికే ఉండానని. అప్పా, బస్సాయప్పా... గానుగ కాడ పొగ వస్తా ఉండాదా?"

"రాకేం తల్లీ! బస్సంతా బెల్లం వాసనే. డ్రైవరు మీసానికి చీమలు పట్టాయి."

అవతల నవ్వు. తుప్పుపట్టిన తలుపు తీసినట్టు, కిర్రుమని. "అబద్దాలోడివప్పా నువ్వు," అంది. లైను తెగిపోయింది.

మధ్యాహ్నం భోజనం చేసి, మూడింటికి పల్లెవెలుగు ఎక్కాం, నేనూ సుగుణమ్మా. మీరెప్పుడైనా వెళ్తే ఎడమవైపు కూర్చోండి, ఊరు అటే కనిపిస్తుంది. పాస్‌పోర్టు ఫోటో సుగుణమ్మ ఫోనులో ఉంది, మునెమ్మ చూసి గుర్తుపట్టాలి. మాకులపల్లె దగ్గర ఆపమనగానే కండక్టరు విజిలేశాడు. అడిగితే ఆగే బస్సు ఎంత గొప్పదో ఆ పూట తెలిసింది.

కొత్త రోడ్డు ఎత్తుగా పోయింది, ఊరు కింద ఉంది. గానుగ కొట్టం చెరువు వైపు ఒరిగి ఉంది. బెల్లం వండే పొయ్యిలో ఒక కుక్క హాయిగా నిద్రపోతోంది. పక్కనే బర్రెకు గడ్డి వేస్తున్న మనిషి మునెమ్మ. ఫోటో చూసి చేతిలో గడ్డి అలాగే పట్టుకుని నిలబడింది.

"దీని దుంపదెగ, బతికే ఉండాదా!" అంది. తర్వాత మెల్లిగా నేలమీద కూలబడింది. బర్రె ఆమె చేతిలోంచే మేసింది.

అవసరమైన మాటలన్నీ సుగుణమ్మ రాసుకుంది, ఊరివాళ్ళ చేత సంతకాలు పెట్టించింది. నేను సందు చూసుకుని, "రెడ్డెమ్మ గానుగ పొగ గురించి అడిగింది," అన్నాను.

"పొగ యాడిదప్పా? చెరుకంతా ఫ్యాక్టరీకి పోతా ఉండాది. మా రెడ్డెమ్మ పోయినాంక పొయ్యే ఎలిగించలా. నువ్వేం సెప్తివి?"

"వస్తోందని చెప్పాను."

మునెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆ తర్వాత పొయ్యి వైపు తిరిగి కుక్కను అదిలించింది. "లెయ్యే. అది వచ్చేలోగా ఈడ మంట పెట్టల్ల."

సుగుణమ్మ చిత్తూరు వైపు, నేను తిరుపతి వైపు బస్సులెక్కాం. సాయంత్రపు వెలుగు మామిడితోటల మీద పాకంలా జారుతోంది. లోపలున్న మనిషికి వార్తో, సలహానో కావాలనుకుని వెళ్ళాను. ఆమెకు కావలసింది, ఆపమని అరవడానికి ఒక ఆగని బస్సు.

ఇక ఒప్పందం ప్రకారం: పేర్లూ ఊరూ మార్చమన్నారు, మార్చాను, అది అబద్ధం కింద రాదు. ఇడ్లీలూ మీసమూ నాలుగో వంతుకు తగ్గించుకోండి. నేను నిజంగా కల్పించింది పొగ ఒక్కటే, పొద్దున ఆ ఊరు దాటేటప్పుడు నేను నిద్రపోతున్నాను కాబట్టి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈసారి పొగ ముందు వచ్చింది. నిప్పు మునెమ్మ చూసుకుంటానంది.