ఎర్మీనా ఎత్తుకున్న పాట

జనాభా లెక్కలమ్మాయి వచ్చి "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని అడిగితే మా వీధి వీధంతా "ఇంగ్లీషే" అని చెప్పింది. చెప్పి, అటు తిరిగి మేకల్ని క్వెయోల్‌లో తిట్టింది. మా సెయింట్ లూసియా దీవిలో అంతే. క్వెయోల్ పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకునే భాష. పెద్దల ముందు పిల్లలు ఆ భాషలో నోరెత్తితే వీపు విమానం మోతే. ఇంగ్లీషు రాదని ఒప్పుకుంటే మాత్రం పరువు పోయినట్టే.

"రాదమ్మా" అని చెప్పింది ఎర్మీనా ఒక్కతే. చేపలమ్ముకునే మనిషి. ఆగస్టులో రోజా సంఘం, అంటే మా ఊరి పాటల బృందం, చేసే పండగకి ఆవిడే పాటగత్తె. ఆవిడ చరణం ఎత్తుకుంటే ఊరు పల్లవి అందుకోవాల్సిందే. అది మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు.

కిందటేడు పట్నం నుంచి ఒక అధికారి వచ్చి బడిలో సభ పెట్టాడు. పడవలు లాగే ఒడ్డు గురించి. మా అందరి కూడూ ఆ ఇసుక మీదే. ఆయన గంటసేపు ఇంగ్లీషు దంచాడు. ఊరంతా గంగిరెద్దులా తలూపింది. అందరికంటే ఎక్కువ ఊపినవాడు ఎర్మీనా మొగుడు సిల్వెస్టర్. చివరికి "ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నాడు అధికారి.

ఎర్మీనా మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "ఏం చెప్పాడయ్యా?"

"మంచిదే చెప్పాడు లేవే."

"ఏంటా మంచి?"

"నోర్ముయ్యి. పరువు తీస్తావు."

అప్పటికే చేతులు లేవబోతున్నాయి. ఎర్మీనా లేచి నిలబడి క్వెయోల్‌లో పాట ఎత్తుకుంది.

"దొరగారు శానాసేపు చెప్పారు, మాకేమీ అర్థం కాలేదు."

సిగ్గు గుర్తొచ్చేలోపే నోళ్లు తెరుచుకున్నాయి. "అర్థం కాలేదు, అర్థం కాలేదు" అని బడి కప్పు ఎగిరిపోయేలా పాడాం. సిల్వెస్టర్ గొంతు అందరికంటే పైనుంది. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంకెవరి పరువు ఎవరు తీస్తారు?

"ఇప్పుడు మన మాటల్లో చెప్పు నాయనా," అంది ఎర్మీనా.

అధికారి నవ్వేశాడు. "ఆ భాషలో మాట్లాడితే మా అమ్మ వీపు చీరేసేది, పెద్దమ్మా."

"నేను చీరన్లే. చెప్పు."

తడుముకుంటూ చెప్పాడు. ఒడ్డు చుట్టూ కంచె వేసి హోటలుకి ఇస్తారట. మా పడవలు కొండ అవతలి రేవుకి పోవాలట.

"ఒప్పుకున్నవాళ్లు..." అని మళ్లీ అడిగాడు. ఒక్క చెయ్యి లేవలేదు. ముసలివాళ్లు చేతులు చంకల్లో దాచుకున్నారు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కంచె రాలేదు. ఈ పొద్దున కూడా పడవలు ఆ ఇసుక మీదే లాగాం. సిల్వెస్టర్ మాత్రం "నాకు మొదటే అర్థమైంది" అని ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. మేమెందుకు కాదనాలి? వెనక నుంచి ఎర్మీనా ఆ రోజు పాడిన చరణం ఎత్తుకుంటే చాలు, చచ్చినట్టు పల్లవి అందుకుంటాడు.